నానీ పేరు లేని షజ్రా

మనవాళ్ళకు ఈమధ్య కొత్త షౌఖ్ ఒకటి పట్టుకుంది. ఫోన్లో ఫ్రీగా ఖాందానీ చెట్టు కట్టుకోవడం. ఏదో ఒక సైట్లోకి పోయి అబ్బా పేరు, దాదా పేరు ఎక్కిస్తారు. ఆ పైన దారి దొరకదు. అప్పుడు వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ షజ్రా ఒకటి తెచ్చి పైన అతికిస్తారు. నాలుగు రోజులు తిరిగేసరికి పామూరులో టైలర్ షాపు పెట్టుకున్న ఇల్లు ఆర్కాట్, బీజాపూర్, బగ్దాద్ మీదుగా మదీనా చేరిపోతుంది. ఖుష్ అయిపోయి ఆ బొమ్మను ఖాందాన్ గ్రూపులో పెడితే కింద ముప్పై మంది మాషాఅల్లా అంటారు.

నేను అడిగే సవాల్ ఒకటే. మీ నానీ వాళ్ళ అమ్మ పేరేంటి?

చాలా ఇళ్ళలో జవాబ్ రాదు. "ఏదో బీ అనేవాళ్ళు" అంటారు. "అమ్మకు తెలిసుండేది, మర్హూమ్ అయిపోయింది" అంటారు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి బుజుర్గుల పేర్లు వరసగా అప్పజెప్పే మనిషికి, తనను ఎత్తుకుని పెంచిన నానీని కన్న తల్లి పేరు తెలీదు. దీన్ని ఖాందానీ తారీఖ్ అంటే నేను ఒప్పుకోను.

కాస్త హిసాబ్ వేద్దాం. మనకు అమ్మా అబ్బా ఇద్దరు. వాళ్ళ పైన నలుగురు, ఆ పైన ఎనిమిది మంది. అలా పది తరాలు పైకి పోతే ఆ వరసలో 1,024 చోట్లు ఉంటాయి. (మనలో చిచ్చా పిల్లలను, మామూ పిల్లలను చేసుకోవడం ఉంది కాబట్టి ఒకే మనిషి రెండు మూడు చోట్ల రావచ్చు. అయినా వందల మంది.) షజ్రా చూపించేది ఆ 1,024 లో ఒక్క చోటు. అదీ మగ మనిషిది. మిగతా వాళ్ళంతా ఎవరు? దూది ఏకినవాళ్ళు, మగ్గం నేసినవాళ్ళు, అత్తరు అమ్మినవాళ్ళు, పీర్లు ఎత్తినవాళ్ళు, ఈ కొండల పక్క చేలల్లో సజ్జలు, జొన్నలు పండించినవాళ్ళు. పోనీ, ఆ ఒక్కడు నిజంగానే అరబ్ నుంచి వచ్చాడనే అనుకుందాం. ఆయన ఒక్కడి కోసం మిగతా వెయ్యి మందిని చెట్టు మీంచి దించేయడం ఏం ఇన్సాఫ్?

ఆ షజ్రా కాగజ్‌ల సంగతి కూడా చెప్పాలి. దర్గాల సజ్జాదా ఇళ్ళలో పాత సనదులతో, తరతరాల దస్తఖత్తులతో అసలైన నసబ్‌నామాలు ఉన్నాయి. వాటి మీద నాకు ఇజ్జత్ ఉంది. కానీ మామూలు ఇళ్ళలో ట్రంకు పెట్టె అడుగున దొరికే షజ్రా చాలాసార్లు రక్తసంబంధం రాసిన కాగజ్ కాదు. మన పెద్దలెవరో ఒక పీర్ దగ్గర బైఅత్ చేస్తే ఆ పీర్ ఇచ్చిన సిల్సిలా అది. ఫలానా పీర్ ఫలానా పీర్‌కు మురీద్, ఆయన ఫలానా పీర్‌కు మురీద్ అని పైదాకా పోతుంది. దాన్నీ షజ్రా అనే అంటారు. ఉర్దూ చదవడం రాని మనవడు ఆ పేర్లు ఎవరితోనో చదివించుకుని, వాళ్ళంతా తన దాదాలూ పర్‌దాదాలూ అనుకుంటాడు. సైట్‌కు ఏం తెలుసు? కొడుకు గడిలో పేరు రాస్తే కొడుకు అంటుంది, తండ్రి గడిలో రాస్తే తండ్రి అంటుంది. సబూత్ అడగదు.

ఇందులో తమాషా ఏమిటంటే మన ఇళ్ళలో రెండు షజ్రాలు నడుస్తున్నాయి. ఎమ్మార్వో ఆఫీసులో సర్టిఫికెట్ కావాల్సినప్పుడు ఒకటి, రిష్తా మాట్లాడేటప్పుడు ఒకటి. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈ 4 శాతంలో షేక్‌లు ఉన్నారు, అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీలు, లబ్బీలు ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్, ఇరానీలను తీసేశారు. దూదేకుల వాళ్ళు అంతకు ముందు నుంచీ బీసీ-బీ. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద పిల్లలు సీట్లు తెచ్చుకుంటున్నారు. అంటే కౌంటర్ దగ్గర మనం ఇక్కడి మట్టిలో చేతిపని చేసుకు బతికిన వెనుకబడినవాళ్ళం. అదే సాయంత్రం పిల్లను చూడ్డానికి పోయినచోట మనం బగ్దాద్ వాళ్ళం, ఎదుటివాళ్ళు దూదేకుల వాళ్ళని తెలిసి చాయ్ కూడా తాగకుండా లేచి వస్తాం. నిన్న జులాహా, ఇవాళ షేక్, ధాన్యం ధర పెరిగితే రేపు సయ్యద్ అని పాత సామెత ఉండనే ఉంది. ఇప్పుడు ధాన్యం ధర పెరగక్కర్లేదు, డేటా ప్యాక్ చాలు.

జన్యువుల సైన్స్ ఈ సంగతి మీద పని చేసింది. భారతదేశంలో వేర్వేరు ముస్లిం సముదాయాల మీద 2009, 2010లో వచ్చిన పరిశోధనలు, మన నసల్‌లో అత్యధిక భాగం ఇక్కడిదేననీ, పశ్చిమాసియా జాడలు కొన్ని సముదాయాల్లో కొద్దికొద్దిగా ఉన్నాయనీ తేల్చాయి. ఇందులో షరమ్ పడాల్సింది ఏముంది? దీన్ ఇక్కడికి వచ్చింది, మన పెద్దలు దాన్ని కబూల్ చేశారు. ఎవరి బలవంతం మీదనో, ఎవరి వెంటనో అని బయటివాళ్ళు అనేదానికీ, అందరం అరబ్ నుంచే దిగాం అని మనవాళ్ళు అనేదానికీ నాకు పెద్ద ఫరఖ్ కనపడదు. ఇద్దరూ కలిసి ఈ నేల మీద కలిమా చదివిన మనిషిని మాయం చేస్తున్నారు.

మజ్‌హబ్ పేరు చెప్పి నసబ్ గొప్ప మాట్లాడేవాళ్ళకు మజ్‌హబ్‌లోంచే జవాబ్ ఉంది. సూరె హుజురాత్‌లో ఖబీలాలు చేసింది ఒకరినొకరు గుర్తుపట్టడానికని, ఇజ్జత్ తఖ్వాతో వస్తుందని ఎన్ని బయాన్లలో విన్నామో లెక్కలేదు. నసబ్ నేర్చుకోమని హదీసులో ఉన్న మాట కూడా సిలె రహమీ కోసం, అంటే చుట్టాలతో బంధం నిలుపుకోవడం కోసం. రహమ్ అంటే తల్లి గర్భం. ఆ మాటలోనే అమ్మ ఉంది. మన షజ్రాలో లేదు.

ఇక ఆ ఫ్రీ సైట్ల సంగతి. అన్నిటికంటే పెద్దది ఫ్యామిలీసెర్చ్. పైసా తీసుకోదు, నిజమే. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో ఉండే మోర్మన్ చర్చి దాన్ని నడుపుతుంది. 1894లో మొదలుపెట్టిన పని, 1999లో ఇంటర్నెట్‌లోకి వచ్చింది. దేశదేశాల రిజిస్టర్లకు ఫిల్ములు తీశారు. మన దేశంలో హరిద్వార్ పండాలు యాత్రికుల వంశావళులు రాసుకున్న వహీలకు 1977 నుంచి ఫిల్ము తీయించారు. ఉత్తరాది హిందూ కుటుంబాలకు అది ఖజానా. చర్చి రిజిస్టర్లు ఉన్న క్రైస్తవ కుటుంబాలకూ కొంత దొరుకుతుంది. కనిగిరి తాలూకా సాయిబుల ఇళ్ళకు ఏం దొరుకుతుంది? బాప్టిజం రిజిస్టర్ లేదు, వహీ లేదు. సమాధుల ఫోటోల సైట్లు వేరే ఉన్నాయి, కానీ మన ఖబరస్తాన్‌లో చాలా ఖబర్లకు రాయే లేదు. ఇంగ్లండ్‌లో వందేళ్ళ కిందటి జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లూ చూసుకోవచ్చు. మన దగ్గర మొత్తాలే అచ్చేశారు, పైగా 1948 సెన్సస్ చట్టం ప్రకారం ఇంటి వివరాలు ఎవరికీ చూపించరు.

ఆ చర్చి అఖీదా ఒకటి తెలుసుకుని ఉండాలి. చనిపోయిన పెద్దల తరఫున బతికున్నవాళ్ళు బాప్టిజం తీసుకోవడం వాళ్ళ ఇబాదత్‌లో భాగం. చెట్లు కట్టించే పని వెనక ఉన్న మఖ్‌సద్ అదే, వాళ్ళేమీ దాచుకోరు. నాజీలు చంపిన యూదుల పేర్ల మీద ఆ పని చేసినందుకు యూదు సంఘాలు అభ్యంతరం చెబితే 1995లో ఒప్పందం కుదుర్చుకున్నారు కూడా. వాళ్ళ అఖీదా వాళ్ళది, నేను తప్పు పట్టను. కానీ ఆ సైట్లో మర్హూమ్‌ల చెట్టు అందరిదీ కలిపి ఒకటే. మీరు ఎక్కించిన దాదీమా పేరును ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. ఆ మాట తెలిసి ఎక్కించడం వేరు, ఫ్రీ కదా అని ఎక్కించడం వేరు. బతికున్నవాళ్ళ వివరాలైతే ఏ సైట్లోనూ పెట్టకండి. లాలాజలం పంపి డీఎన్ఏ చూపించుకునే కంపెనీల్లో పేరున్న 23 అండ్ మీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా అర్జీ పెట్టుకుంది.

అసలు ఆ సైట్లకు మన పేరే అర్థం కాదు. వాటికి ఇంటిపేరు కావాలి. షేక్ అని కొడితే కరాచీ నుంచి ఢాకా దాకా లక్షల మంది వస్తారు. మన కాగజ్‌లలో ఎస్.కె. అని, ఎస్.డి. అని, పఠాన్ అయితే ఒట్టి పి. అని ఉంటుంది. రెవెన్యూ రికార్డులో షేక్, షేకు, సేకు మూడూ ఒకే మనిషి. మహబూబ్ ఒకచోట మాబు, ఒకచోట మాబూసా. మన వంశం జాడ ఇంటిపేరులో కంటే పెట్టుకున్న పేరులో ఎక్కువ దొరుకుతుంది. ఇంట్లో మూడు తరాలుగా నాయబ్ రసూల్ ఉన్నాడంటే ఆ ఇల్లు నెల్లూరు వైపు ఏఎస్ పేట రహమతుల్లా బాబా దర్గాకు మొక్కుకున్న ఇల్లు. మస్తాన్, మస్తాన్‌బీ ఉంటే కసుమూరు. నాగూర్ మీరా ఉంటే తమిళనాడు నాగూరు. హుసేన్, ఖాసిం వరసగా ఉంటే పీర్లచావిడితో ఏదో సంబంధం ఉంది. బిడ్డ నిలవాలని ఏ తల్లి ఏ దర్గా చుట్టూ తిరిగిందో ఆ పేరు చెబుతుంది. ఇప్పుడు "షిర్క్ పేర్లు" అని ఆధార్‌లో మార్పించుకుంటున్నారు. మార్చుకోండి, మీ ఇష్టం, కానీ ముందు ఆ పాత పేరు ఎందుకు పెట్టారో అమ్మనడిగి ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుని మార్చుకోండి.

ఫ్రీగా దొరికేవాటిలో మనకు నిజంగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. వాటి వైపు ఎవరూ పోరు, ఎందుకంటే అవి మదీనాకు తీసుకుపోవు. మొదట జిల్లా సంగతి తెలియాలి. ప్రకాశం జిల్లా పుట్టింది 1970 ఫిబ్రవరి 2న. అంతకు ముందు పామూరు, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. 1858కి ముందైతే కంభం వైపంతా కడప. 1953 అక్టోబర్ 1 దాకా అంతా మద్రాసు కిందే. కాబట్టి పాత దస్తావేజుల్లో ప్రకాశం అని వెతికితే ఏమీ రాదు, నెల్లూరు అనో కర్నూలు అనో వెతకాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బాస్వెల్ 1873లో రాసిన నెల్లూరు మాన్యువల్, 1886 నాటి కర్నూలు మాన్యువల్ ఉచితంగా చదువుకోవచ్చు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు భాగాలుగా వేసిన నెల్లూరు శాసనాల పుస్తకంలో కనిగిరి తాలూకా శాసనాలు ఉన్నాయి. వాటిలో మీ పర్‌దాదా పేరు దొరుకుతుందని చెప్పను. ఆయన ఏ ఊరి పొలిమేరలో, ఎవరి అమల్లో బతికాడో తెలుస్తుంది. 1876-78 కరువులో ఊళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయో తెలిస్తే, మన పెద్దలు ఎక్కడి నుంచో ఎందుకు వచ్చారన్న కథకు ఒక కాలం దొరుకుతుంది. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్ కూడా ఫ్రీయే.

మనిషి పేరు కావాలంటే భూమి కాగజ్ పట్టుకోవాలి. మీభూమిలో అడంగల్, 1-బి చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో 1983 నుంచి ఈసీ చూసుకోవచ్చు. అంతకంటే పాతది, నా లెక్కలో అన్నిటికంటే విలువైనది ఇనాం ఫెయిర్ రిజిస్టర్. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. ఖాజీకి, ముల్లాకు, ముజావర్‌కు, మసీదు దీపానికి, పీర్లచావిడికి ఎవరు ఎప్పుడు భూమి ఇచ్చారో, అప్పటికి ఎవరి అనుభవంలో ఉందో, వాళ్ళ వయసెంతో, మొదట ఇనాం పుచ్చుకున్నాయనకు వాళ్ళేమవుతారో అడిగి రాసుకున్నారు. అంటే సర్కారు చేత్తో రాసిన షజ్రా. ఇది ఫోన్లో రాదు. కలెక్టరేటుకు పది రూపాయల ఆర్టీఐ అర్జీ పెట్టుకోవాలి, నాలుగుసార్లు తిరగాలి. జమీందారీ ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు తర్వాతి సర్వేలు చూడాలి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల పోస్టులు తీసేసినప్పుడు కొన్ని లెక్కలు ఆఫీసుకు చేరాయి, కొన్ని కరణం గారి అటక మీదే ఉండిపోయాయి. ఆ ఇంటివాళ్ళతో మంచిగా మాట్లాడి చూసుకోవాలి.

ఇదంతా టైమ్‌పాస్ అనుకునేవాళ్ళు నిరుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. 2025 వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచి ఆరు నెలల్లో ప్రతి వక్ఫ్ వివరాలూ ఎక్కించమన్నారు. తరతరాలుగా వాడుకలో ఉంది కాబట్టి వక్ఫ్ అనే మాట ఇక ముందు చెల్లదన్నారు. అంతకు ముందే రిజిస్టరై, తగాదాలో గానీ సర్కారు భూమిలో గానీ లేనివాటికే ఆ రక్ష మిగిలింది. చట్టం జాలిమ్ చట్టమే, దాని మీద కోర్టులో కొట్లాడాల్సిందే. కానీ అప్పుడు ముతవల్లీల పరుగులు చూశాం కదా. ఖబరస్తాన్ సర్వే నంబర్ తెలీదు. హద్దులు తెలీవు. ఇనాం ఎవరిచ్చారో తెలీదు. ఆ ఆరు నెలల్లో పనికొచ్చింది బగ్దాద్ షజ్రా కాదు, ఏ మూలో పడున్న టైటిల్ డీడ్ నంబరు.

మరి నానీ ఎక్కడ దొరుకుతుంది? భూమి కాగజ్‌లో ఆమె ఉండదు, ఉన్నా ఫలానావాడి భార్య అని ఉంటుంది. దొరికేది నికాహ్ రిజిస్టర్‌లో. దుల్హన్ పేరు, ఆమె తండ్రి పేరు, ఊరు, వయసు, మెహర్ ఎంత, వకీల్ ఎవరు, గవాహ్‌లు ఎవరు అన్నీ అందులో ఉంటాయి. ఒక్క పేజీలో రెండు ఖాందాన్‌లు, నలుగురైదుగురు చుట్టాలు. ఆమె తండ్రి పేరు పట్టుకుని ఆ ఊరి రిజిస్టర్‌కు పోతే ఆమె తల్లి నికాహ్ దొరకొచ్చు. అలా అమ్మల వరసలో మెట్టు మెట్టుగా పైకి పోయే కాగజ్ నాకు తెలిసి మనకు ఇదొక్కటే. దీన్ని మనం ఎలా ఉంచుకున్నాం? మా వైపు ఒక మసీదులో అడిగితే పాత రిజిస్టర్లు జానమాజుల బీరువా కింద చెదలు పట్టి కనపడ్డాయి. ఇంకో ఊళ్ళో ఖాజీ సాబ్ ఇంతెఖాల్ అయ్యాక కొడుకులు ఇల్లు పంచుకుంటూ పాత కాగితాలు అమ్మేశారు. మినార్‌కు గ్రానైట్ వేయించడానికి చందా దొరుకుతుంది, ఏసీలకు దొరుకుతుంది. ఒక ఇనుప బీరువాకు దొరకదు.

చదివేవాళ్ళూ తగ్గిపోతున్నారు. ఆ రిజిస్టర్లు చేతిరాత ఉర్దూలో ఉంటాయి, కొందరు ఖాజీలది గొలుసు కట్టు షికస్తా. గూగుల్ లెన్స్ అచ్చు ఉర్దూను బాగానే చదువుతుంది, రేఖ్తా డిక్షనరీలో మాటకు మానీ దొరుకుతుంది, కానీ ఆ చేతిరాత మాత్రం మనిషే చదవాలి. ఉర్దూ మీడియంలో చదివిన నా ఈడువాళ్ళం ఇంకో ఇరవై ముప్పై ఏళ్ళు ఉంటాం. ఇంగ్లీష్ మీడియం పిల్లలకు అలిఫ్ బే ఖురాన్ వరకే వస్తుంది, తేదీ కింద ఉన్న సంతకం చదవడం రాదు. కాబట్టి కావాల్సిన ఫ్రీ టూల్ మీ జేబులోనే ఉంది: ఫోన్ కెమెరా. జుమా తర్వాత ఇద్దరు పిల్లలు, ఒక ఉర్దూ చదివే పెద్దాయన కూర్చుంటే చిన్న ఊరి రిజిస్టర్ నాలుగు వారాల్లో అయిపోతుంది. ఒక్క మనిషి పట్టుబడితే ఎంత పని అవుతుందో సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు చూపించారు. తెలుగులో రాసే ముస్లింల వివరాలన్నీ వెతికి 2010లో 'అక్షర శిల్పులు' వేశారు. ఒక ఊరి నికాహ్‌లు రాయడానికి ఒక కమిటీ సరిపోదా?

దీనికి అడ్డు చెప్పేవాళ్ళ మాట ఒకటి వింటున్నాను. "కాగజ్ చూపించమని అడిగే జమానాలో మనమే కూర్చుని మన చిట్టా తయారు చేసి ఇస్తామా?" అని. ఆ డర్ ఉత్తదేం కాదు. అసోంలో ఎన్ఆర్సీ అప్పుడు ఇంటింటి నుంచి వంశవృక్షం రాయించుకున్నారు, అన్నదమ్ములు రాసిన చెట్లు ఒకదానికొకటి కలవకపోతే హియరింగ్‌కు పిలిచారు. 2019 ఆగస్టు 31న 19 లక్షల మందిని బయట పెట్టారు. అందులో ఆడవాళ్ళ కష్టం వేరు. బడికి పోలేదు, పుట్టిన సర్టిఫికెట్ లేదు, చిన్నప్పుడే నికాహ్ అయి వేరే ఊరికి పోయారు. ఓటరు లిస్టులో భర్త పేరే ఉంది. నేను ఫలానా ఆయన కూతురిని అని చెప్పుకోవడానికి లక్షల మంది ఆడవాళ్ళు పంచాయతీ సెక్రటరీ ఇచ్చే సర్టిఫికెట్ మీద ఆధారపడ్డారు. ఆ కాగజ్ చెల్లదని 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు అంది. డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తనిఖీ చేసి తీసుకోవచ్చని చెప్పేదాకా వాళ్ళు ఎలా నిద్రపోయి ఉంటారు? కూతురి పేరు తండ్రి పేరు పక్కన రాసి ఉన్న కాగజ్ లేకపోవడం వల్ల వచ్చిన కష్టం అది. అందుకే ఆ చిట్టా సైట్లో వద్దు, ఇంట్లో ఉండాలి అంటున్నాను. ఫోటోలు రెండు పెన్‌డ్రైవ్‌లలో, ఒకటి మసీదులో, ఒకటి వేరే మొహల్లాలో. పేర్లు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఉర్దూలోనూ తెలుగులోనూ. అడిగేవాళ్ళు అడిగినప్పుడు ఏది ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో అప్పుడు వకీల్‌తో మాట్లాడుకుందాం. చేతిలో లేనిదాన్ని దాచుకునే హక్ కూడా ఉండదు.

మా ఊళ్ళలో కమిటీ ఎన్నికలకు ఎంత కొట్లాట జరుగుతుందో అందరికీ తెలుసు. ఈసారి నిలబడేవాళ్ళను ఒక్క మాట అడగండి. నికాహ్ రిజిస్టర్లు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయి, ఎవరింట్లో ఉన్నాయి, ఫోటో తీసుకోనిస్తారా లేదా? "ఆడవాళ్ళ పేర్లు బయటపెడతారా, బేఇజ్జతీ" అని ఎవరైనా లేస్తే, నికాహ్ రోజు అదే పేరును మైకులో ఎవరు చదివారో అక్కడే అడగండి.